తొంభై రెండు వాట్లు

జూన్ 4

మహాజనులారా అని మొదలుపెడదామనుకున్నాను. తీరా చూస్తే ఇది చదివే మహాజనం నేనొక్కణ్ణే. కాబట్టి, ఒరేయ్ నేనూ, శ్రద్ధగా విను.

అన్న ఇవాళ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఆటో దిగి, గేటు తనే తీసుకుని, చెప్పులు విడిచి, "ఏరా, నా గదిలోంచి నీ చెత్తంతా తీశావా లేదా?" అన్నాడు. గోడౌన్లో ప్యానెల్ బోర్డు పట్టుకుని, షాకు కొట్టి పడిపోయిన ఎలక్ట్రిషియను! గుండె ఆగిపోయిందట. ఛాతీ మీద కొట్టి కొట్టి లేపారట. "మీవాడు అదృష్టవంతుడు" అని డాక్టరు అంటూనే ఉన్నాడు. అన్నిసార్లు అనేసరికి నాకే అనుమానమొచ్చింది.

అమ్మ ఏడ్చింది. వదిన ఏడవలేదు. అన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోయి, చటుక్కున వదిలేసి, మళ్ళీ పట్టుకుంది.

నేనూ పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా.

"ఆస్పత్రి నిండా ఏసీలు కదా," అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. మా ఇంట్లో నా మాట అందరూ ఒప్పుకోవడం చరిత్రలో ఇదే మొదలు.

జూన్ 6

అన్న బాగున్నాడు. తింటున్నాడు, తిడుతున్నాడు. ఎండకి గోడలు కాలిపోతుంటే ఫ్యాను వద్దంటాడు. చెమట పట్టదు. అదృష్టవంతుడే.

నా ఉద్యోగ ఉత్తర్వు మళ్ళీ తీసి చదువుకున్నాను. ట్రెయినీ ఇంజనీరు, ఎలక్ట్రికల్. వచ్చే నెల మొదటి తారీకున చేరాలి. రైల్లో ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. సూట్‌కేసు మంచం కింద నుంచి తీసి దులిపాను. బొద్దింక ఒకటి బయటికొచ్చి నావంక చూసింది, ఎందుకు ఖాళీ చేయిస్తున్నావన్నట్టు.

జూన్ 7

వంటింట్లో స్విచ్ మారుద్దామని ఇంట్లో అన్నీ ఆపేశాను. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, అమ్మ ప్రాణానికి ప్రాణమైన టీవీ. "మధ్యాహ్నం సీరియల్ టైములోనే నీకు ఇంజనీరింగు గుర్తొస్తుందా?" అని అమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. మెయిన్ కట్టేద్దామని వరండాలోకి వెళ్ళాను.

మీటరు ఎర్ర లైటు మిణుకుమంటోంది.

ఎలక్ట్రానిక్ మీటరు. ఎవరో కరెంటు వాడుతుంటేనే ఆ లైటు మిణుకుమంటుంది. ఇంట్లో ఎవరూ ఏదీ వాడటం లేదు. కాసేపు చూశాను. వెలుగుతుంది, చాలాసేపు ఆగుతుంది, మళ్ళీ వెలుగుతుంది. నిద్రపోయేవాడి పొట్టలాగా.

అన్న సంచిలోంచి క్లాంప్ మీటరు తెచ్చాను. పీత డెక్కలా నోరు తెరుస్తుంది. తీగను ఆ నోట్లో పెడితే అందులో ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. ఫేజు తీగ మీద 0.4 ఆంపియర్లు. న్యూట్రల్ మీద 0.4. రెంటినీ కలిపి పెడితే సున్నా. అంటే వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తోంది, భూమిలోకి చుక్క కూడా కారడం లేదు. వోల్టేజి 230.

పట్టభద్రుణ్ణి కనక లెక్క వేశాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్: 230ని 0.4తో భాగిస్తే 575 ఓమ్‌లు. రెంటినీ గుణిస్తే పవరు: 92 వాట్లు.

ఈ రెండంకెలూ నాకు ఎక్కడో తగిలినవే. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారుగా తొంభై రెండు వాట్లు అని మా సారు చెప్పేవాడు. "క్లాసులో అరవై మంది ఉన్నారు. ఐదున్నర కిలోవాట్ల హీటరు తప్ప మీవల్ల దేశానికి వేరే ప్రయోజనం లేదు" అనేవాడు. ఇక చర్మాన్ని పక్కనపెడితే మనిషి లోపలి రెసిస్టెన్స్ ఐదారు వందల ఓమ్‌లు. అదీ ఆయన చెప్పిందే.

ఇల్లు పాతది. లీకేజీ అయ్యుంటుంది.

జూన్ 8

లీకేజీ అయితే భూమిలోకి పోవాలి. పోవడం లేదు. సరే, వేరే రకం లీకేజీ.

మా బోర్డులో గదికో ఫ్యూజు ఉంటుంది, తెల్ల పింగాణీవి. ఒక్కొక్కటే పీకాను. హాలుది పీకాను: 0.4 అలాగే ఉంది. వంటింటిది: అలాగే ఉంది. అన్న గదిది పీకాను.

సున్నా.

లోపల్నించి వదిన వచ్చింది. పరిగెత్తలేదు, అరవలేదు. అంత నెమ్మదిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"పెట్టెయ్యి."

"ఒక్క నిమిషం వదినా, టెస్టు..."

"ముందు పెట్టెయ్యి బాబూ. తర్వాత నన్ను ఎంత నవ్వించాలో అంత నవ్విద్దువుగాని."

పెట్టేశాను. గదిలోకి వెళ్ళి చూశాను. ఫ్యాను ఆగి ఉంది. లైటు ఆగి ఉంది. ప్లగ్గుల్లో ఏమీ లేదు. ఫోను ఛార్జరు కూడా లేదు. చెక్క మంచం మీద అన్న వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు.

"ఏంట్రా వెతుకుతున్నావ్?"

"తొంభై రెండు వాట్ల వస్తువు ఏదైనా ఉందా అని."

"నీ బుర్ర కాదులే," అన్నాడు. "అది అంత లాగదు."

జూన్ 9

పాత వైరింగు. అంతే.

జూన్ 11

అన్నను వదిన చెకప్‌కి తీసుకెళ్ళింది. వాళ్ళ ఆటో మలుపు తిరిగేసరికి నేను అన్నీ ఆపేసి మీటరు ముందు నిలబడి ఉన్నాను. అమ్మ నన్ను చూసి దీర్ఘంగా నిట్టూర్చి, పక్కింటి టీవీకి వలస వెళ్ళింది.

సున్నా. లైటు వెలగలేదు.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చే వేళకి మళ్ళీ అన్నీ ఆపేశాను. అన్న చెప్పులు విడిచి గడప దాటాడు. లైటు మిణుకుమంది.

వదినను అడిగాను, దారిలో ఎలా ఉన్నాడని.

"నిద్రపోయారు."

"రెండుసార్లూనా?"

"పోయేటప్పుడు ఎంత కుదిపినా లేవలేదు. ఆటో అబ్బాయి భయపడిపోయాడు. ఆస్పత్రి గుమ్మంలోకి స్ట్రెచర్ మీద తీసుకెళ్ళగానే లేచి కూర్చుని, నేను నడుస్తాగా, ఇదెందుకన్నారు." కొంగు వేలికి చుట్టుకుంటూ, "డాక్టరు చూసి అంతా నార్మలన్నాడు" అంది.

"వచ్చేటప్పుడు?"

వదిన బట్టలు మడతపెట్టడానికి వెళ్ళిపోయింది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

జూన్ 13

భోజనాల దగ్గర అన్న చెబుతున్నాడు. మంచి ఊపు మీద ఉన్నాడు. "మెయిన్ రోడ్డులో ఆ కొత్త షోరూమువాళ్ళ వైరింగు చూశావట్రా? న్యూట్రల్‌ని తీసుకెళ్ళి ఎంత దరిద్రంగా..."

కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది.

అన్న కూడా.

చెంచా నోటికి జానెడు దూరంలో ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్ళు నామీదే ఉన్నాయి. రెప్ప పడలేదు. ఈగ ఒకటి వచ్చి వాడి కింది పెదవి మీద కూర్చుని, చేతులు రుద్దుకుని, తీరిగ్గా లేచి వెళ్ళింది.

నేను జోకు వేద్దామనుకున్నాను. ఒట్టు, ప్రయత్నించాను.

అమ్మ మజ్జిగ వడ్డిస్తూ, "ఆలోచిస్తున్నాడు, పలకరించకు" అంది. వాడి కంచంలోనూ పోసింది. నిండి పొర్లేదాకా పోసింది.

కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ గుర్రుమంది. అన్న ఇంకా అలాగే ఉన్నాడు. వదిన నోట్లో నోట్లో ఏదో అనుకుంటోంది, రా, రా అని. అప్పుడు వాడి కంటిరెప్ప పడింది.

"...కట్టారో!" అన్నాడు. చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "ఈ మజ్జిగేంటి, కాలవ తవ్వారా?"

తర్వాత వదిన అంట్లు కడుగుతూ చెప్పింది. "కరెంటు పోతే ఆయన కాసేపు ఆగుతారు. అంతే."

"ఎప్పట్నించి?"

"వచ్చినప్పట్నించి. రెండు నిమిషాలు పోయినా, ఐదు నిమిషాలు పోయినా." నీళ్ళ చప్పుడు ఆపకుండానే అంది. "మొదట్లో కరెంటుతోపాటే వచ్చేసేవారు. ఇప్పుడు ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యం చేస్తున్నారు. నువ్వు చదువుకున్నవాడివి కదా, ఎందుకు?"

చదువుకున్నవాణ్ణి కనక, "వోల్టేజి ఫ్లక్చుయేషను" అన్నాను.

జూన్ 14

మధ్యాహ్నం చూస్తే 0.42 చూపించింది. క్లాంపు పాతది. వోల్టేజి చూడలేదు, బద్ధకం. 575 అంటే 575. రెసిస్టెన్స్ అనేది రాయి లాంటిది, పూటకో తీరుగా ఉండదు.

జూన్ 16

అన్న, నేను వరండాలో కూర్చున్నాం. వాడు పాత టేబుల్ ఫ్యాను విప్పి బేరింగుకి నూనె పెడుతున్నాడు. ఇదే సమయమని అడిగేశాను.

"కరెంటు పోయినప్పుడు నీకెలా ఉంటుందిరా?"

"నాకేముంది? మీకే ఏదో అవుతోంది."

"మాకా?"

"ఇంట్లో అందరూ ఆగిపోతారు కదా," అన్నాడు స్క్రూ బిగిస్తూ. "నువ్వు నోరు తెరిచి, మీ వదిన గిన్నె పట్టుకుని, అమ్మ గరిటె ఎత్తి. పిలిస్తే పలకరు. మొన్న నేను లేచి, ఇల్లంతా తిరిగి, మీ అందరి మొహాలూ చూసి వచ్చి కూర్చున్నాను. చాలాసేపు. ముందు చెబుదామనుకున్నాను, భయపడతారని ఊరుకున్నా."

మొన్న వాడు కుర్చీలోంచి లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"వీధిలోకి కూడా వెళ్ళావా?"

"లేదు. గేటు దాకా వెళ్ళా. అవతల ఎవరో నిలబడి ఉన్నారు." ఫ్యాను రెక్కని వేలితో ఒకసారి తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. "వాళ్ళు మాత్రం ఆగలేదు."

జూన్ 18

మహా ప్రకటన. లైన్‌మన్ సైకిలు దిగకుండానే గేటు మీద కాలు పెట్టి కేక వేశాడు. "ఏమయ్యా ఇంజనీరూ! ఇరవై నాలుగున పొద్దుట్నించి సాయంత్రం దాకా లైన్ కట్. తీగలన్నీ మారుస్తున్నాం. ట్యాంకులో నీళ్ళు పట్టుకోండి, ఫోన్లు ఛార్జింగు పెట్టుకోండి. తర్వాత నామీద పడకండి!"

వదిన చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

నేను బయటికి పరిగెత్తి సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాను. "మా ఒక్క ఇంటికైనా ఉంచలేరా? ఒక ఫేజు. ఒక్క ఫేజు చాలు."

"ఏం, ఇంట్లో గుడ్లు పొదుగుతున్నావా?"

"మా అన్నకి ఒంట్లో బాలేదు."

నా భుజం మీంచి చూశాడు. అన్న వరండాలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్తంభం మీద పనిచేసినవాళ్ళు.

"భేషుగ్గా ఉన్నాడు కదయ్యా! నాకంటే బాగున్నాడు." తర్వాత గొంతు తగ్గించాడు. "తీగ మీద మావాళ్ళు ఆరుగురు ఉంటారు. వాళ్ళు పైన ఉండగా లైను ఎలా ఇవ్వమంటావు? నీ అన్ననే అడుగు, ఇస్తాడేమో."

అడగలేదు. అడగక్కర్లేదు.

ఆస్పత్రికి ఫోను చేశాను. వాళ్ళకి జనరేటరు ఉంది. ఆ ఒక్క రోజు మంచం ఇవ్వమంటే, రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్న మనిషికి మంచం ఎలా ఇస్తామన్నారు. మొండిగా తీసుకెళ్ళి గుమ్మంలో కూర్చోబెడదామన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"ఆ దారంతా ఆయన్ని అలా ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చోలేను. మొన్న వచ్చేటప్పుడు..." ఆగింది. "మొన్న వచ్చేటప్పుడు వాకిట్లోకొచ్చాక కూడా చాలాసేపటికి గానీ రాలేదు. నేను ఆటో అబ్బాయికి చిల్లర లేదని అబద్ధం చెప్పి ఆపాను. ఈసారి రాకపోతే?"

ఐదు నిమిషాలకే అంత ఆలస్యంగా వచ్చేవాడు, ఒక పగలంతా పోతే?

ఈ ప్రశ్నకి నా దగ్గర సూత్రం ఉంది. ఉండాలి.

జూన్ 20

సూత్రం దొరికింది! బాకాలు ఊదండి.

స్నేహితుడి ఇంటి అటకమీద ఇన్వర్టరు ఒకటి మూలుగుతోంది. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలు. గుణిస్తే 1800. కానీ ముసలి బ్యాటరీ, అందులో నాలుగో వంతు మిగిలి ఉంటే గొప్ప. 450. దాన్ని 92తో భాగిస్తే ఐదు గంటలు కూడా రాదు. మిట్టమధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది.

ఇక్కడే పట్టభద్రుడి ప్రతిభ. కాలేజీ ల్యాబు అటెండరును బతిమాలి వేరియాక్ తెచ్చాను. గుండ్రటి డబ్బా, నెత్తిన ఒక గుండీ. తిప్పితే వోల్టేజి తగ్గుతుంది. 230ని సగం చేసి 115 ఇస్తాను. రెసిస్టెన్స్ 575. కాబట్టి కరెంటు 0.2. పవరు 23 వాట్లు. 450ని 23తో భాగిస్తే పంతొమ్మిది గంటలు. ఒక పగలేంటి, అర్ధరాత్రి దాటేదాకా లాగిస్తాను. 0.2 పోయే తీగకి 0.5 ఫ్యూజు పెట్టాను, గాజుది, భద్రత కోసం.

వదినకు లెక్క వివరించాను. శ్రద్ధగా విన్నది.

"సగం వోల్టేజి ఇస్తే ఆయన సగమే ఉంటారా?"

"లేదు వదినా. వోల్టేజి సగమైతే కరెంటూ సగమవుతుంది. గుణిస్తే పావు."

"పావు మనిషి బతుకుతాడా?"

"టీవీ ఆపేశాక మూల చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది కదా. అలా ఉంటాడు. సాయంత్రం మళ్ళీ నిండుగా."

నమ్మినట్టే ఉంది. కాసేపయ్యాక మళ్ళీ వచ్చి, "ఒకసారి ముందే పెట్టి చూడకూడదూ?" అంది.

ప్రయోగం కోసం వాణ్ణి ఒకసారి ఆపాలి. ప్రతిసారీ ఇంకా ఆలస్యంగా వస్తున్నవాణ్ణి. వద్దన్నాను. ఓమ్ సూత్రాన్ని రెండు వందల ఏళ్ళుగా పరీక్షిస్తూనే ఉన్నారు, మా ఇంట్లో కొత్తగా అక్కర్లేదన్నాను.

జూన్ 23

బ్యాటరీ నిండింది. తీగలు బిగించాను. రెండోసారి బిగించాను. మూడోసారి కూడా.

జూన్ 24

(ఏమీ లేదు.)

జూన్ 26

నిన్న రాయలేదు. మొన్న అంటే 24. క్రమంగా రాస్తాను.

పొద్దున లైన్ కట్ చేయడానికి ముందే మెయిన్ దించి, ఇన్వర్టరు మీదకి మార్చాను. వేరియాక్ నిండుగా పెట్టాను. అన్న మంచం మీద కూర్చుని నావంక చూస్తున్నాడు. క్లాంపు చూశాను, అంతా సరిగ్గా ఉంది. వాడు ఆగలేదు. వదిన గుమ్మంలో నిలబడి మొదటిసారి నవ్వింది.

"ఏంట్రా ఇదంతా?" అన్నాడు అన్న.

"నీకు డైటింగు," అని గుండీ తిప్పడం మొదలుపెట్టాను.

200కి తెచ్చాను. 0.46 చూపించింది. తగ్గాలి కదా, పెరిగింది. క్లాంపు పాతదనుకున్నాను. 180కి తెచ్చాను. 0.51. క్లాంపు పాతది. క్లాంపు పాతదని గట్టిగా పైకే అన్నాను. అన్న నావంక అదోలా చూసి, "ఒరేయ్, ఆగరా" అన్నాడు.

వాడు ఎలక్ట్రిషియను. లోపల్నించి తెలిసిందేమో.

నా చెయ్యి ఇంకో పిసరు తిరిగింది. గాజు ఫ్యూజు టిక్కుమంది.

అంత చిన్న చప్పుడు.

ఇస్త్రీపెట్టెకి వోల్టేజి తగ్గిస్తే కరెంటూ తగ్గుతుంది, అది రెసిస్టెన్స్. వీడు ఇస్త్రీపెట్టె కాదు. వోల్టేజి తగ్గించేకొద్దీ కరెంటు పెంచి లాక్కున్నాడు. 230 అయితే 0.4, 200 అయితే 0.46, 180 అయితే 0.51. ఏది గుణించినా తొంభై రెండే. వీడిలో మారకుండా ఉన్నది 575 కాదు, తొంభై రెండు. ఒక మనిషికి కావలసింది ఒక మనిషికి కావలసిందే. పావు మనిషి ఉండడు.

ఫ్యూజు పీకి తీగతో కలిపేశాను, గుండీ నిండుగా తిప్పాను. 230 వోల్టులు ఇంట్లోకి వస్తున్నాయి. క్లాంపు మీద సున్నా. వాడు తీసుకోవడం లేదు. ఒక నిమిషం. చాలా నిమిషాలు. వాడి నోరు "ఆగరా" దగ్గర ఆగి ఉంది. కింది పెదవి రంగు మారింది. అమ్మ వచ్చి, "ఆలోచిస్తున్నాడా?" అంది. మా ముఖాలు చూసింది. అమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారింది.

వదిన వాడి చేతికోసం తన చెయ్యి చాచింది. ఎందుకో నాకు తెలుసు, తన తొంభై రెండూ వాడికిచ్చెయ్యడానికి. ఆవిడ ముఖంలో ఉంది అంతా. ఆవిడ వేళ్ళు తగిలేలోపల ఆ చెయ్యి నేను పట్టుకున్నాను.

మంచు గడ్డ. మోచేతి దాకా పాకింది, భుజం, తర్వాత వీపు. నొప్పి లేదు. ఎవరో లోపల్నించి బట్టలు పిండుతున్నట్టుంది. ఎడమ చేత్తో క్లాంపు తీసుకుని నా కుడి మణికట్టు చుట్టూ పెట్టాను. ఎందుకు పెట్టానంటే, పట్టభద్రుణ్ణి కదా.

0.4.

అప్పుడు అన్న రెప్ప వేశాడు. అది చూశాను. ఆ తర్వాత అందరూ ఆగిపోయారు. వదిన చెయ్యి చాచి. అమ్మ గోడ దగ్గర. నేను లేచి వాళ్ళ మొహాలన్నీ చూశాను. ఇల్లంతా తిరిగాను. గేటు దాకా వెళ్ళలేదు. దూరం నుంచే కనిపించారు, అవతల.

సాయంత్రం కరెంటొచ్చాక లేచానట. మంచం మీద, అన్న పక్కన. వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. వెచ్చగా ఉంది. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

జూన్ 27

అన్న ఫ్యాను ఐదు మీద పెట్టుకుని, "చచ్చిపోతున్నా ఉక్కకి" అంటున్నాడు. ఆ మాటకి వదిన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పనికి వెళ్తానంటున్నాడు.

నాకు ఉక్కగా లేదు.

జూన్ 28

అన్న పనికి వెళ్ళాడు. వదిన సందు చివరిదాకా వెంట వెళ్ళింది, చూడ్డానికి. వాడు నిద్రపోలేదు. తిరిగొచ్చి అమ్మని తీసుకుని బజారుకి వెళ్ళింది. చాలా రోజులకి.

ఇల్లు ఖాళీ. అన్నీ ఆపేశాను. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ. మీటరు ముందు నిలబడ్డాను.

230. 0.4. తొంభై రెండు.

ఇంట్లో ఎవరూ లేరు.

లీకేజీ. పాత ఇల్లు.

జూన్ 29

సూట్‌కేసు తీసుకుని టికెట్టు కోసం బయల్దేరాను. వీధి మలుపు దాకా బాగానే నడిచాను. ఆ తర్వాత జనం ఆగిపోయారు. మెలకువ వచ్చేసరికి మా హాల్లో ఉన్నాను. టీ బండివాడు, ఇంకెవరో మోసుకొచ్చారట. "ఎండదెబ్బ" అన్నారు. అమ్మ నా నుదురు పట్టుకుని, "ఎండదెబ్బ తగిలినవాడి ఒళ్ళు ఇలా ఉంటుందా?" అంది. వదిన మాత్రం నావంక చూసి, సూట్‌కేసు వంక చూసి, దాన్ని తీసుకెళ్ళి మంచం కింద పెట్టింది. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

చేరలేనని కంపెనీకి రాశాను. కారణం: కుటుంబ బాధ్యతలు. విద్యుత్ శాఖవాళ్ళు అన్నట్టు, అనివార్య కారణాల వల్ల.

జూన్ 30

లైన్‌మన్ వచ్చాడు. మొన్న సగం తీగలే అయ్యాయట, మిగిలిన సగానికి వచ్చే ఆదివారం మళ్ళీ లైన్ కట్. పొద్దుట్నించి సాయంత్రం దాకా. "నీళ్ళు పట్టుకోండి" అని వెళ్ళిపోయాడు.

అన్న పని నుంచి వస్తూ గేటు దగ్గరే ఆ మాట విన్నాడు. చెప్పులు విడవలేదు. నేరుగా బోర్డు దగ్గరికెళ్ళి ఒక్కొక్క స్విచ్చే ఆపాడు, మెయిన్ తప్ప. మీటరు లైటు చూశాడు. మిణుకుమంటోంది. వరండా మెట్టు మీద కూర్చుని ఉన్న నావంక చూశాడు.

"ఇంట్లో ఏం నడుస్తోందిరా?"

"ఏం లేదు. పాత వైరింగు."

"ఆ వైరింగు వేసింది నేను," అన్నాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడి దగ్గర చెమట వాసన వస్తోంది, ఎండ వాసన, ఇన్సులేషన్ టేపు వాసన. ఆ తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, అరచెయ్యి తెరిచి, నా ముందుకి చాచాడు.

"ఆదివారం దాకా ఎందుకు," అన్నాడు. "ఇటివ్వు."

లోపల వదిన గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

"చలిగా ఉందిరా," అన్నాను. "తర్వాత చూద్దాం."